మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ కావడం లేదా? అడ్డుపడుతున్న పాత డ్రైవర్‌ని పట్టుకుని తీసేయడం ఎలా

టాస్క్‌బార్ మూలన ఉండే షీల్డ్ బొమ్మ మీద పసుపు గుర్తు కనిపిస్తుంది. నొక్కి చూస్తే విండోస్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆఫ్‌లో ఉందని, కంప్యూటర్‌కి ముప్పు ఉండొచ్చని ఓ హెచ్చరిక. సరే, ఆన్ చేద్దామని స్విచ్ నొక్కితే, డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో పనిచేయించే ఫైళ్లు) పొసగడం లేదంటూ అది వెంటనే ఆఫ్‌కి తిరిగి వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే డిస్మిస్ నొక్కి వదిలేస్తారు. ఇంకొందరు లాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తారు. అక్కడ కౌంటర్‌లో కుర్రాడు "ఫార్మాట్ కొడ్తే పోతది అన్నా" అంటాడు. పోతుంది, అబద్ధం కాదు. దాంతోపాటు మీ ట్యాలీ సెటప్, ప్రింటర్, తెలుగు ఫాంట్లు, డిజిటల్ సిగ్నేచర్ సాఫ్ట్‌వేర్ కూడా పోతాయి. వాటిని మళ్లీ కూర్చుకోవడానికి ఓ ఆదివారం పడుతుంది.

ఫార్మాట్ అక్కర్లేదు. అడ్డుపడేది చాలావరకు ఒకటో రెండో ఫైళ్లు. అవీ ఎక్కువగా ఇప్పుడు మీ ఇంట్లో లేని వస్తువులకు సంబంధించినవే. ఆ ఫైల్ ఏ వస్తువుదో కనుక్కోవడంలోనే పని అంతా ఉంది. తీసేయడం నిమిషాల మీద అయిపోతుంది.

ఈ స్విచ్ ఏం చేస్తుంది, డ్రైవర్‌కి దాంతో ఏం గొడవ

డ్రైవర్ మామూలు ప్రోగ్రామ్ లాంటిది కాదు. బ్రౌజర్ చెడిపోతే బ్రౌజర్ ఒక్కటే ఆగుతుంది. డ్రైవర్ విండోస్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలో నడుస్తుంది. గర్భగుడిలోకి వెళ్లే హక్కున్న పూజారి లాంటిది అది, లోపల దేన్ని ముట్టుకున్నా అడిగేవాళ్లుండరు. దొంగల చూపంతా అందుకే దాని మీద ఉంటుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్, రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి దొంగిలించిన డిజిటల్ సర్టిఫికెట్లతో తన డ్రైవర్లకు సంతకం పెట్టుకుని లోపలికి దూరింది. రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్‌కి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) దొంగ సంతకం కూడా అవసరం పడలేదు. గిగాబైట్ కంపెనీ పాత డ్రైవర్‌ని, అసలైన సంతకం ఉన్నదాన్నే, వెంట తెచ్చుకుంది. అందులో ఉన్న లొసుగు పట్టుకుని ముందు యాంటీవైరస్‌ని పడుకోబెట్టి, ఆ తర్వాత ఫైళ్లకు తాళం వేసింది. సోఫోస్ సంస్థ 2020లో దీని గుట్టు విప్పింది.

మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ (ఒకే కంప్యూటర్‌ని లోపల విడి భాగాలుగా నడిపే ఏర్పాటు) సాయంతో విండోస్ మెమరీలో కొంత భాగాన్ని విడిగా కట్టుదిట్టం చేసుకుంటుంది. కెర్నల్‌లో నడవాల్సిన ప్రతి కోడ్‌నీ అక్కడ తనిఖీ చేశాకే నడవనిస్తుంది. అందులో ముఖ్యమైన నియమం ఒకటుంది. మెమరీలో ఏ పేజీలోనైనా, అంటే ఏ చిన్న ముక్కలోనైనా, రాయడమో, అందులోని కోడ్‌ని నడపడమో, ఏదో ఒకటే కుదరాలి. రెండూ ఒకేసారి కుదరకూడదు. పదిహేనేళ్ల కిందట డ్రైవర్లు రాసినవాళ్లకు ఈ పట్టింపు లేదు, రెండు హక్కులూ కలిపే అడిగేవారు. అందుకే ఆ డ్రైవర్లు ఇప్పుడు తనిఖీ దాటలేవు. అంటే జాబితాలో పేరు వచ్చిందంటే అది వైరస్ అని కాదు. పాత పద్ధతిలో రాసిన డ్రైవర్, అంతే.

ఈ సదుపాయం 2018లో విండోస్ 10 ఏప్రిల్ అప్‌డేట్‌తో మామూలు వాడకందారుల దాకా వచ్చింది. విండోస్ 11తో వచ్చే కొత్త లాప్‌టాప్‌లలో చాలావరకు ముందే ఆన్‌లో ఉంటుంది. ఇబ్బందంతా అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లకే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోవడంతో ఎందరో పాత సిస్టమ్ మీదే 11 ఎక్కించుకున్నారు. పాత డ్రైవర్లన్నీ సామానుతో పాటు కొత్తింటికి వచ్చేశాయి.

చేయి పెట్టే ముందు

ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇక్కడే ఆగండి. మాధాపూర్, గచ్చిబౌలి కంపెనీలు ఇచ్చే సిస్టమ్‌లలో ఈ సెట్టింగ్ ఐటీ విభాగం చేతిలో ఉంటుంది. ఈ సెట్టింగ్‌ని మీ అడ్మినిస్ట్రేటర్ చూసుకుంటున్నాడన్న మాట స్విచ్ దగ్గర కనబడితే, టికెట్ పెట్టి వదిలేయండి. సొంత తెలివి చూపిస్తే రేపు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే.

సొంత సిస్టమ్ అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది రీస్టోర్ పాయింట్, అంటే ఏదైనా చెడితే సిస్టమ్‌ని వెనక్కి తీసుకెళ్లే గుర్తు. స్టార్ట్ మెనూలో రీస్టోర్ పాయింట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే సిస్టమ్ ప్రొటెక్షన్ అన్న కిటికీ తెరుచుకుంటుంది. సీ డ్రైవ్ పక్కన ఆఫ్ అని ఉంటే కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేసి, తర్వాత క్రియేట్ నొక్కండి. రెండోది బిట్‌లాకర్ కీ, అంటే విండోస్ డిస్క్‌కి వేసే తాళానికి చెవి. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగులు) ఏదైనా మార్చాక 48 అంకెల రికవరీ కీ అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ముందే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, మీ డివైస్ పేరు కింద ఉన్న ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ పనికి నూటికి తొంభైమందికి బయోస్ జోలికి వెళ్లే అవసరమే రాదు. కానీ వచ్చినప్పుడు ఆ కాగితం ఒక్కటే దిక్కు.

మొదట పేర్లు రాసుకోండి

స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ తెరవండి. ఎడమవైపు డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్ డీటెయిల్స్. పైనే మెమరీ ఇంటెగ్రిటీ స్విచ్ ఉంటుంది. ఆన్ చేయండి. కాసేపు స్కాన్ చేసి ఒప్పుకోనంటుంది, దాని కిందే రివ్యూ ఇన్‌కంపాటబుల్ డ్రైవర్స్ అన్న లింక్ వస్తుంది. అది నొక్కండి.

జాబితాలో ఒక్కో పేరు పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కితే వివరాలు విచ్చుకుంటాయి. నాలుగు విషయాలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి: డాట్ సిస్‌తో ముగిసే ఫైల్ పేరు, తయారీదారు పేరు, తేదీ, పబ్లిష్డ్ నేమ్. ఈ చివరిదే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఓఈఎం అన్న మూడక్షరాల తర్వాత ఓ అంకె, చివర డాట్ ఐఎన్ఎఫ్ ఉంటుంది. ఉదాహరణకు ఓఈఎం12 డాట్ ఐఎన్ఎఫ్. బయటి కంపెనీ నుంచి వచ్చే ప్రతి డ్రైవర్ ప్యాకేజీకీ విండోస్ ఇలా ఓ వరస నంబర్ ఇస్తుంది. ఆ నంబర్ సిస్టమ్‌కో రకంగా ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో ఓఈఎం7ని తీసేయమన్నారని మీరూ ఓఈఎం7ని తీసేస్తే, పోయేది మీ వైఫై కావొచ్చు.

తేదీలను చూసి మోసపోవద్దు. పరికరాలన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో చాలా డ్రైవర్లకు 2006 జూన్ 21 అని కనబడుతుంది. అవి ముదిరిపోయిన డ్రైవర్లు కావు, విండోస్‌తో వచ్చినవి. తయారీదారు ఇచ్చే డ్రైవర్ ఎప్పుడూ కొత్తదిగా లెక్కకు రావాలని, మైక్రోసాఫ్ట్ తన డ్రైవర్లకు కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. వాటి జోలికి వెళ్లకండి.

ఇంతకీ అది ఎవరి డ్రైవర్

ఇక్కడ తొందరపడకండి. ఫైల్ పేరు చూస్తే మంత్రంలా ఉంటుంది కానీ, తయారీదారు పేరు పక్కన పెట్టుకుని ఇల్లంతా ఓసారి గుర్తు చేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

హైదరాబాద్ ఇళ్లలో ముందుగా అనుమానించాల్సింది డేటా కార్డులని. ఫైబర్ రాకముందు, అమీర్‌పేట హాస్టల్ గదుల్లో ప్రతి లాప్‌టాప్‌కీ ఓ యూఎస్‌బీ డాంగిల్ వేలాడుతుండేది. కంపెనీ ఏదైనా లోపలి సరుకు చాలావరకు హువావేదో జెడ్‌టీఈదో. డాంగిల్ గుచ్చగానే అందులోంచే డ్రైవర్లు ఇన్‌స్టాల్ అయ్యేవి. డాంగిల్ ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయింది, డ్రైవర్లు మాత్రం ఉండిపోయాయి. ఈడబ్ల్యూ అండర్‌స్కోర్ అని మొదలయ్యే పేర్లు కనబడితే అవి హువావే తాలూకువే.

తర్వాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. డబ్ల్యూడీసీఎస్ఏఎం64 అని మొదలయ్యే ఫైల్ వెస్టర్న్ డిజిటల్‌ది, ఈ జాబితాల్లో తరచూ కనబడే పేరు. దాన్ని తీసేసినా మీ డిస్క్ మామూలుగానే పనిచేస్తుంది. ఫైళ్లు చదవడానికీ రాయడానికీ విండోస్ సొంత డ్రైవర్ చాలు.

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో కథ వేరు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బోర్డులు, యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లు ప్రాజెక్టు అయిపోగానే అటక ఎక్కుతాయి. ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ లాంటి చిప్ కంపెనీల పేర్లు కనబడితే మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి అడగండి. వీటిలో కొన్నింటికి కొత్త డ్రైవర్లున్నాయి, అంటే తీసేసి ఊరుకోనక్కర్లేదు, మార్చుకుంటే సరిపోతుంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ తరహాలో ఫోన్లకు సాఫ్ట్‌వేర్ కొట్టే పని చేసేవాళ్ల సిస్టమ్‌లలోనైతే ఫ్లాషింగ్ డ్రైవర్లు గుట్టలుగా ఉంటాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాల్సిందే, వేరే దారి లేదు.

చిక్కడపల్లి వైపు డీటీపీ సెంటర్లలో, చిన్న చిన్న అకౌంటింగ్ ఆఫీసుల్లో ఇంకో రకం ఉంటుంది. యూఎస్‌బీ లాక్ గుచ్చితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్లు. ఆ లాక్ డ్రైవర్ పాతదైతే జాబితాలోకి ఎక్కుతుంది. మీసేవ కేంద్రాల్లో, ఈకేవైసీ చేసే దుకాణాల్లో వేలిముద్ర యంత్రాల డ్రైవర్లు, ఆడిటర్ల దగ్గర డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల డ్రైవర్లు కూడా ఇదే కోవలోవి. వీటి సంగతి చివర్లో విడిగా చెబుతాను, ఎందుకంటే ఇవి రోజూ అన్నం పెట్టే వస్తువులు. కళ్లు మూసుకుని తీసేయడానికి వీల్లేదు.

ఇవేవీ కాకపోతే పాత యాంటీవైరస్, పాత వీపీఎన్, ప్రాసెసర్ వేడి చూపించే ఉచిత ప్రోగ్రాములు, ర్యామ్‌లో రంగు లైట్లు మార్చే సాఫ్ట్‌వేర్లు, గేమింగ్ మౌస్ యుటిలిటీలు చూడండి.

అప్పటికీ తేలకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనబడుతుంది. పైన వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్‌కి టిక్ పెట్టి, అదే మెనూలో డివైసెస్ బై డ్రైవర్ ఎంచుకోండి. మీరు రాసుకున్న ఓఈఎం నంబర్ ఈ జాబితాలో దొరుకుతుంది, దాన్ని విప్పితే ఏ పరికరానిదో కనబడుతుంది. ఐకాన్ వెలిసిపోయినట్టు ఉంటే ఆ పరికరం ఇప్పుడు తగిలించి లేదని అర్థం. ఏ పరికరమూ కనబడకపోతే ఇంకా మంచిది, ఆ డ్రైవర్ అనాథ అన్నమాట.

తీసేయడానికి ముందు, కొత్తది ఉందేమో చూడండి

పరికరం ఇంకా వాడుతున్నారనుకోండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ వరసగా తెరవండి. డ్రైవర్ అప్‌డేట్స్ కింద దాని పేరు ఉంటే టిక్ పెట్టి ఇన్‌స్టాల్ చేయండి. లేకపోతే తయారీదారు సొంత వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్‌తో వెతకండి. లాప్‌టాప్ భాగాలదైతే అడుగున స్టిక్కర్ మీద ఉండే సీరియల్ నంబర్ కొడితే సరిగ్గా మీ మోడల్‌వే వస్తాయి. కొత్తది ఎక్కించి, రీస్టార్ట్ చేసి, స్విచ్ మళ్లీ ప్రయత్నించండి.

కొత్తది ఎక్కినా పాత ప్యాకేజీ సిస్టమ్‌లో అలాగే ఉండిపోవడం మామూలే. జాబితాలో ఇంకా అదే ఓఈఎం నంబర్ కనబడితే కంగారు పడకండి, కింద చెప్పే పద్ధతిలో ఆ పాతదాన్ని ఒక్కదాన్నే తీయండి.

డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే ఉచిత ప్రోగ్రాముల వైపు మాత్రం చూడకండి. రిపేర్ షాపుల పెన్‌డ్రైవ్‌లలో ఉండే డ్రైవర్ ప్యాక్‌లూ అంతే. ఏది ఎక్కడిదో తెలియని డ్రైవర్లు పాతికదాకా ఎక్కించి, ఉన్న ఒక్క తలనొప్పిని పది చేస్తాయి. కెర్నల్‌లోకి వెళ్లే ఫైల్‌ని ముక్కూమొహం తెలియని చోటు నుంచి తెచ్చుకుని, దాంతో సెక్యూరిటీ స్విచ్ ఆన్ చేసుకోవడం అర్థం లేని పని.

తీసేయడం

సులువైన దారి నుంచి మొదలుపెట్టండి. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో ఆ డాంగిల్ లేదా డిస్క్ కంపెనీ ప్రోగ్రామ్ ఇంకా ఉందేమో చూడండి. ఉంటే అక్కడే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. తల్లి ప్రోగ్రామ్ ఉండగా డ్రైవర్‌ని మాత్రం పీకేస్తే, అది తర్వాత మళ్లీ తెచ్చి పెట్టేస్తుంది.

ప్రోగ్రామ్ లేకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కండి. అప్పుడు వచ్చే చిన్న కిటికీలో, ఈ పరికరపు డ్రైవర్‌ని కూడా తొలగించాలా అని అడిగే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టాలి. పెట్టకపోతే పరికరం పేరు పోతుంది, డ్రైవర్ కదలదు. చాలామంది చేసి చూశాం, ఫలితం లేదనేది ఈ టిక్ దగ్గరే.

డ్రైవర్ అనాథ అయితే డివైస్ మేనేజర్‌లో పట్టుకోవడానికి పరికరమే ఉండదు. దానికి కమాండ్ ఉంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ తెరవండి. విండోస్ 10లో అయితే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. వాడే పనిముట్టు పేరు పీఎన్‌పీయుటిల్. ఇంగ్లిష్‌లో పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్ అక్షరాలు వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా. కింద కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు కొట్టాల్సింది ఇంగ్లిష్ అక్షరాలే. ఖాళీలు, గీతలు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే.

పీఎన్‌పీయుటిల్ /ఎనమ్-డ్రైవర్స్

ఎనమ్ అంటే ఈ, ఎన్, యు, ఎం. బయటి నుంచి వచ్చిన ప్యాకేజీలన్నీ వరసగా చూపిస్తుంది. మీ ఓఈఎం నంబర్ వెతికి, దాని కింద ఉన్న ఒరిజినల్ నేమ్, ప్రొవైడర్ నేమ్ మీరు తీసిన ఫొటోతో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. సరిపోతేనే ముందుకు.

ఇప్పుడు దాని నకలు ఒకటి దాచుకోండి. సీ డ్రైవ్‌లో ఓ ఖాళీ ఫోల్డర్ చేసి, దానికి ఇంగ్లిష్‌లో ఓల్డ్ అని పేరు పెట్టారనుకుందాం.

పీఎన్‌పీయుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ ఓఈఎం12.ఐఎన్ఎఫ్ సీ:\ఓల్డ్

నకలు వచ్చిందని ఫోల్డర్ తెరిచి చూసుకున్నాక:

పీఎన్‌పీయుటిల్ /డిలీట్-డ్రైవర్ ఓఈఎం12.ఐఎన్ఎఫ్ /అన్‌ఇన్‌స్టాల్

12 ఉన్న చోట మీ నంబర్ పెట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. డ్రైవర్ ప్యాకేజీ తొలగిందన్న మాట కనబడితే రీస్టార్ట్ చేయండి. ఒప్పుకోకపోతే చివర్లో /ఫోర్స్ అని చేర్చమని ఎక్కడ చూసినా సలహా ఇస్తుంటారు. అది వాడుకలో ఉన్న డ్రైవర్‌ని కూడా పీకేస్తుంది. డాంగిల్ లాంటి వాటికి ఫర్వాలేదు. స్టోరేజ్, చిప్‌సెట్, గ్రాఫిక్స్ అన్న మాటలు క్లాస్ నేమ్ దగ్గర కనబడితే మాత్రం ఫోర్స్ మాట మరిచిపోండి, తెల్లారి సిస్టమ్ లేవకపోవచ్చు.

సిస్టమ్32 లోపల డ్రైవర్స్ ఫోల్డర్ తెరిచి డాట్ సిస్ ఫైల్‌ని నేరుగా డిలీట్ చేయడం, పేరు మార్చడం వద్దు. ఫైల్ పోయినా రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగుల చిట్టాలో, దాని నమోదు మిగులుతుంది. బూట్ సమయంలో విండోస్ ఆ ఫైల్ కోసం వెతుక్కుని నీలి తెర చూపించే ప్రమాదముంది.

జాబితా ఖాళీగా ఉండి కూడా ఆన్ కాకపోతే

కొన్ని డ్రైవర్లకు ఓఈఎం నంబర్ ఉండదు. ఏదో సాఫ్ట్‌వేర్ తనంతట తాను సర్వీస్‌లా పెట్టుకున్నవి ఇవి. పాత యాంటీవైరస్‌లు, వేడి కొలిచే ప్రోగ్రాములు, గేముల యాంటీచీట్‌లు ఇలా చేస్తాయి. వాటి జాడ ఈవెంట్ వ్యూయర్‌లో, అంటే విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాలో దొరుకుతుంది. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, కోడ్ ఇంటెగ్రిటీ, ఆపరేషనల్ అన్న వరసలో వెళ్లండి. కుడివైపు ఫిల్టర్‌లో ఈవెంట్ నంబర్ 3087 అని ఇవ్వండి. మెమరీ ఇంటెగ్రిటీకి పొసగని డ్రైవర్ల పేర్లు ఆ నంబర్ కిందే నమోదవుతాయి.

పేరు దొరికాక, మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ పేజీ నుంచి ఆటోరన్స్ అనే ఉచిత పనిముట్టు దించుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, డ్రైవర్స్ ట్యాబ్‌కి వెళ్లండి. ఆ పేరు పక్కన టిక్ తీసేసి రీస్టార్ట్ చేస్తే డ్రైవర్ లోడ్ కాదు. డిలీట్ నొక్కకండి, టిక్ తీస్తే చాలు. ఏదైనా పని ఆగిపోతే తిరిగి టిక్ పెట్టేసుకోవచ్చు. దీన్ని నేను కమాండ్లకన్నా ఇష్టపడేది అందుకే.

స్విచ్ దగ్గరికే వెళ్లలేకపోతే, అంటే కోర్ ఐసోలేషన్ భాగమే కనబడకపోతే, అది డ్రైవర్ సమస్య కాదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ చూడండి. వర్చువలైజేషన్ పక్కన డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లో ఆన్ చేయాలి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ గుండా యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌కి వెళ్తే బయోస్ తెరుచుకుంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. రాసిపెట్టుకున్న 48 అంకెల కాగితం ఇప్పుడు దగ్గర ఉంచుకోండి.

ఆన్ అయ్యాక

స్విచ్ నిలబడితే రీస్టార్ట్ అడుగుతుంది, చేయండి. తర్వాత విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లిష్‌లో కొట్టండి. సిస్టమ్ సమ్మరీ అడుగున వర్చువలైజేషన్ బేస్డ్ సెక్యూరిటీ ఎదురుగా రన్నింగ్ అని, నడుస్తున్న సర్వీసుల్లో హైపర్‌వైజర్ ఎన్‌ఫోర్స్‌డ్ కోడ్ ఇంటెగ్రిటీ అని ఉండాలి. కోర్ ఐసోలేషన్ పేజీలోనే కిందకి వస్తే, లొసుగులున్న డ్రైవర్లను ఆపే మైక్రోసాఫ్ట్ వల్నరబుల్ డ్రైవర్ బ్లాక్‌లిస్ట్ అన్న స్విచ్ కూడా ఉంటుంది. అదీ ఆన్‌లో ఉందని చూసుకోండి. రాబిన్‌హుడ్ వాడిన ఎత్తుకు విరుగుడు అదే.

రీస్టార్ట్‌లో సిస్టమ్ లేవకపోతే హడావుడి పడొద్దు. పవర్ బటన్ నొక్కిపట్టి, విండోస్ మొదలవుతుండగా రెండుమూడుసార్లు ఆపేస్తే రికవరీ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రీస్టోర్ ఎంచుకుని మొదట్లో పెట్టుకున్న పాయింట్‌కి వెనక్కి వెళ్లండి. బిట్‌లాకర్ కీ ఇక్కడా అడగొచ్చు.

సిస్టమ్ నెమ్మదిస్తుందా అన్న ప్రశ్న గేములాడేవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇంటెల్‌లో ఏడో తరం కేబీ లేక్ నుంచి, ఏఎండీలో జెన్ 2 నుంచి ఈ తనిఖీకి ప్రాసెసర్‌లోనే ఏర్పాటు ఉంది, భారం తక్కువ. అంతకన్నా పాత ప్రాసెసర్లలో ఆ పని సాఫ్ట్‌వేర్‌తో చేయాలి కాబట్టి తేడా తెలుస్తుంది. బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు చేసే సిస్టమ్‌లో నేనైతే ఆ నెమ్మదిని భరిస్తాను. గేముల కోసమే పెట్టుకున్న సిస్టమ్‌లో మీ ఇష్టం.

అన్నం పెట్టే వస్తువు అడ్డుపడితే

వేలిముద్ర యంత్రం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, యూఎస్‌బీ లాక్. వీటికి ముందు కంపెనీ కొత్త డ్రైవర్ ఇచ్చిందేమో వాళ్ల సైట్‌లో, లేదా మీకు అమ్మిన డీలర్ దగ్గర అడగండి. అడిగేటప్పుడు మాట సూటిగా ఉండాలి: "విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేసి ఉంటే పనిచేసే వెర్షన్ కావాలి" అనండి. విండోస్ 11కి పనిచేస్తుందా అని మాత్రమే అడిగితే అవుననే అంటారు, స్విచ్ ఆఫ్ చేసి పెట్టి చూపిస్తారు.

దొరక్కపోతే ఆ పని కోసం పాత సిస్టమ్ ఒకటి పక్కన పెట్టడం మేలు. యంత్రానికీ సాఫ్ట్‌వేర్‌కీ సంబంధించిన సైట్లు తప్ప దాంట్లో ఇంకేమీ తెరవకూడదు. మెయిల్ వద్దు, పెన్‌డ్రైవ్‌లు వద్దు, కస్టమర్ల వాట్సాప్ ప్రింట్లు అసలే వద్దు. రెండో సిస్టమ్‌కి స్తోమత లేని దుకాణమైతే స్విచ్ ఆఫ్‌లోనే ఉంచుకుని నడుపుకోవాలి, జీవనోపాధి మానుకోమని ఎవరూ చెప్పరు. అప్పుడు మాత్రం రోజువారీ పనికి అడ్మిన్ కాని మామూలు యూజర్ అకౌంట్ వాడండి. కొత్త డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ హక్కు కావాలి కాబట్టి దొంగకి ఒక తలుపైనా మూసి ఉంటుంది.

ఓ మాట. కొన్ని నెలల తర్వాత అటక మీది పాత కేబులో, బంధువుల డాంగిలో గుచ్చితే, ఈ పరికరంలో ఫలానా డ్రైవర్ లోడ్ కాలేదని విండోస్ చెప్పవచ్చు. వెంటనే సెట్టింగ్ మార్చుకోమని ఓ దారి కూడా చూపిస్తుంది. ఆ దారిన వెళ్లి స్విచ్ ఆఫ్ చేయకండి. ఫైల్ పేరు రాసుకుని, ఆ వస్తువు నిజంగా కావాలా అని చూసుకుని, కావాలంటే కొత్త డ్రైవర్ వెతుక్కోండి.

సీ డ్రైవ్‌లో దాచిన ఓల్డ్ ఫోల్డర్‌ని వెంటనే తీసేయకండి. ప్రింటర్‌తో ఓ కాగితం తీసి, స్కానర్ ఓసారి నడిపి, టోకెన్‌తో ఓ సంతకం పెట్టి, ఎక్స్‌టర్నల్ డిస్క్ గుచ్చి చూడండి. అన్నీ పనిచేస్తుంటే అప్పుడు డిలీట్ చేయండి. ఏదైనా మొరాయిస్తే పీఎన్‌పీయుటిల్‌తోనే /యాడ్-డ్రైవర్ అని, ఆ ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫైల్ పూర్తి దారి ఇచ్చి, చివర్లో /ఇన్‌స్టాల్ చేర్చండి. తీసినది తిరిగి వచ్చేస్తుంది.